జంగారెడ్డిగూడెం నుంచి వెయ్యి కొంగలు

సూట్‌కేసులో ఆవకాయ సీసా, రెండు కిలోల సున్నుండలు, కందిపొడి, మనవరాలికి పట్టుపరికిణీ... వీటన్నిటి మధ్యా నలగకుండా ఓ అట్టపెట్టె. అందులో వెయ్యి కొంగలున్నాయి. నిజం కొంగలు కాదు లెండి, కాగితంవి. మా జంగారెడ్డిగూడెం పిల్లలు నోటుపుస్తకాల పేజీలూ, పాత క్యాలెండర్లూ, పెళ్లి శుభలేఖలూ కత్తిరించి మడిచినవి. నా పాత విద్యార్థి ఒకడు ఇప్పుడు తనూ టీచరే. ‘మాస్టారూ, మీరెలాగూ అమ్మాయిగారి దగ్గరికి జపాన్ వెళ్తున్నారు కదండీ. వీటిని హిరోషిమాలో ఇచ్చి రండి’ అంటూ ఆ పెట్టె తెచ్చి చేతిలో పెట్టాడు.

ముప్ఫై ఏళ్లు సోషల్ పాఠాలు చెప్పినవాణ్ని. రెండో ప్రపంచయుద్ధం పాఠంలో హిరోషిమాకి నేనిచ్చిన చోటు నాలుగంటే నాలుగు వాక్యాలు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద అమెరికా అణుబాంబులు వేసింది, జపాన్ లొంగిపోయింది... అంతే. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఒకసారి వెనక బెంచీలోంచి ఓ కుర్రాడు లేచి ‘తరవాత ఆ ఊళ్లోవాళ్లు ఏం చేశారండీ?’ అని అడిగాడు. ‘మళ్లీ ఊరు కట్టుకున్నార్రా’ అని చెప్పి పాఠం ముగించేశాను. ఆ జవాబు సగమేనని తెలుసుకోవడానికి నాకు పదవీ విరమణ దాకా పట్టింది.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. 1998 మే నెలలో పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిగినప్పుడు మా వీధి చివర టీకొట్టు దగ్గర మిఠాయిలు పంచారు. నేనూ తిన్నాను. సంతోషంగానే తిన్నాను. ఆ తీపీ, ఈ కొంగలూ రెండూ మోసుకుంటూ కిందటి అక్టోబరులో ఒసాకా నుంచి హిరోషిమా రైలెక్కాను.

పాత ట్రాముల ఊరు

ఒసాకా నుంచి హిరోషిమాకి బుల్లెట్ రైల్లో గంటన్నర. ఏలూరు నుంచి మా ఊరికి బస్సులో వెళ్లేంతసేపు కూడా పట్టలేదు! కిటికీలోంచి చూస్తే కొండలూ, వాటి మధ్య చిన్న చిన్న వరిమళ్లూ, కోసి ఆరబెట్టిన పనలూ. ఇల్లు గుర్తొచ్చింది.

స్టేషన్ నుంచి శాంతివనానికి ట్రాము. హిరోషిమా ట్రాములకి ఓ చరిత్ర ఉంది. యుద్ధకాలంలో మగవాళ్లు సైన్యంలోకి వెళ్లిపోతే, ట్రాము కంపెనీ పెట్టిన బడిలో చదివే ఆడపిల్లలే కండక్టర్లుగా, డ్రైవర్లుగా పనిచేశారు. బాంబు పడిన మూడో రోజుకే, ఆగస్టు 9న, కాలిపోయిన ఊళ్లో కొద్ది దూరం ట్రాము మళ్లీ కదిలింది. ఆనాటి బళ్లలో 651, 652 నంబర్లవి ఇప్పటికీ ఉన్నాయి. మా అల్లుడు ఆ నంబరు కోసం చాలాసేపు చూశాడుగానీ మాకు మామూలు ట్రామే దొరికింది.

దిగగానే ఎదురుగా కనిపిస్తుంది... ఇనుప ఊచల గోపురంతో, పైకప్పు లేని ఆ ఇటుకల కట్టడం. పుస్తకంలో ఎన్నిసార్లు చూశానో! 1915లో చెక్ దేశపు వాస్తుశిల్పి యాన్ లెట్జెల్ గీసిన నమూనాతో కట్టిన వాణిజ్య ప్రదర్శనశాల అది. బాంబు దాదాపు 600 మీటర్ల ఎత్తున పేలింది. సరిగ్గా ఆ చోటుకి కింద ఉన్నది ఓ ఆసుపత్రి. ఈ కట్టడం అక్కడికి 160 మీటర్ల దూరంలోనే ఉంది. పేలుడు దాదాపు నడినెత్తిన జరగడంతో గోడలు కొన్ని నిలబడ్డాయి. లోపలున్నవాళ్లెవరూ బతకలేదు. ఆ సంవత్సరం చివరికి ఊళ్లో చనిపోయినవాళ్లు సుమారు 1 లక్షా 40 వేల మంది.

ఆ గోపురం ఇంకా అక్కడ నిలబడి ఉండటం ఎవరి చలవో నాకు తెలియదు. ప్రభుత్వమే కాపాడిందనుకున్నాను. కాదట. యుద్ధం తరవాత ‘దీన్ని చూస్తే గుండె తరుక్కుపోతోంది, కూల్చెయ్యండి’ అన్నవాళ్లు ఊళ్లోనే చాలామంది ఉన్నారు. ఏడాది వయసులో రేడియేషన్‌కి గురైన హిరోకో కజియామా అనే అమ్మాయి 16 ఏళ్లకి, 1960లో రక్తక్యాన్సర్‌తో చనిపోయింది. ఆ దారుణాన్ని ముందుముందు లోకానికి చెప్పడానికి ఈ గోపురమే మిగులుతుందేమో అన్న అర్థం వచ్చేలా ఆ పిల్ల డైరీలో రాసుకుంది. అది చదివిన ఊరి పిల్లలు సంతకాలు సేకరించడం మొదలెట్టారు. వీధుల్లో నిలబడి చందాలడిగారు. ఆరేళ్లు గడిచాక, 1966లో నగరపాలక సభ ఆ కట్టడాన్ని కాపాడాలని తీర్మానించింది. 1996లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. అంటే... నా క్లాసులో కూర్చునేంత వయసు పిల్లలు పట్టుబట్టి నిలబెట్టిన కట్టడం అది!

సదాకో లెక్క

వంతెన దాటి లోపలికి వెళ్తే పిల్లల స్మారకం. తొమ్మిది మీటర్ల ఎత్తున, రెండు చేతులతో బంగారురంగు కొంగని పైకెత్తి పట్టుకున్న బాలిక. సదాకో ససాకి కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. బాంబు పడినప్పుడు రెండేళ్ల పిల్ల. ఒంటిమీద గాయం లేదు. బళ్లో పరుగుపందేలకి పేరు. 1955 ఫిబ్రవరిలో రక్తక్యాన్సర్‌తో ఆసుపత్రిలో చేర్చారు. వెయ్యి కాగితపు కొంగలు మడిస్తే కోరిక తీరుతుందని అక్కడివాళ్ల నమ్మకం. మందుల పొట్లాల కాగితాలు కూడా వదలకుండా మడిచింది. అక్టోబరు 25న కన్నుమూసింది. పన్నెండేళ్లు.

644 దగ్గర ఆగిపోయింది, మిగతావి స్నేహితులు మడిచి పూర్తిచేశారు అని నేను పిల్లలకి చెప్పేవాణ్ని. అది ఓ కథల పుస్తకంలోని లెక్క. నిజానికి ఆమె వెయ్యి దాటేసిందని ఆమె అన్నగారు చెబుతూ వచ్చారు. వెయ్యి పూర్తయింది, అయినా పిల్ల దక్కలేదు. ఈ మాట పుస్తకంలోని కథకంటే ఎక్కువ బాధపెట్టింది నన్ను.

స్నేహితులు చేసింది మాత్రం చిన్న పని కాదు. తమ నేస్తానికీ, బాంబువల్ల పోయిన పిల్లలందరికీ ఓ గుర్తు ఉండాలని దేశమంతా బడులకి రాశారు. మూడు వేల పైచిలుకు బడుల పిల్లలు డబ్బులు పంపారు. 1958 మే 5న విగ్రహం ఆవిష్కరించారు. ఇప్పుడు ఏటా దాదాపు కోటి కొంగలు వస్తాయట, బరువు పది టన్నులు!

మా అట్టపెట్టె విప్పాం. దారానికి గుచ్చిన దండలు చూసి మనవరాలు ‘తాతయ్యా, దీని మీద వినాయకుడున్నాడు!’ అంది. నిజమే, ఏదో శుభలేఖ తాలూకు ముక్క. ఇంకోదాని మీద పొగాకు కంపెనీ క్యాలెండరు అంకెలు. రంగురంగుల జపాన్ కాగితాల మధ్య అద్దాల అరలో మావాటిని వేలాడదీశాం. ఎక్కడి నుంచి వచ్చాయో నమోదు చేయించే వీలుంది. ఊరి పేరు జపాన్ అక్షరాల్లో రాయడానికి మా అమ్మాయికి చాలా స్థలం కావాల్సి వచ్చింది.

ఎవరి తప్పు?

వనం మధ్యలో గుర్రపు జీనులాంటి రాతి తోరణం. కెంజో టాంగే రూపకల్పన, 1952లో కట్టారు. దాని కింద రాతిపెట్టెలో బాంబు బాధితుల పేర్ల పుస్తకాలుంటాయి. ఆ గాయాలతోనో, జబ్బులతోనో, వృద్ధాప్యంతోనో పోయినవాళ్ల పేర్లు ఏటా ఆగస్టు 6న చేరుస్తారు. 2025 నాటికి 3 లక్షల 49 వేలు దాటాయి. తోరణంలోంచి చూస్తే 1964లో వెలిగించిన శాంతిజ్యోతి, దాని వెనక గోపురం... మూడూ ఒకే వరసలో కనిపిస్తాయి.

రాతిపెట్టె మీద ఓ వాక్యం ఉంది. ప్రశాంతంగా నిద్రించండి, ఆ తప్పు మళ్లీ జరగదు అని దాని సారాంశం. జపాన్ భాషలో ఆ వాక్యానికి కర్త లేదట. ఎవరు మాట ఇస్తున్నారో రాయలేదు. 1952లో హిరోషిమా వచ్చిన మన న్యాయమూర్తి రాధావినోద్ పాల్ దీన్నే తప్పుపట్టారు. టోక్యో యుద్ధనేరాల విచారణలో భిన్నమైన తీర్పు రాసిన మనిషి ఆయన. బాంబు వేసింది జపాన్ వాళ్లు కాదు కదా, వాళ్లెందుకు క్షమాపణ చెప్పాలన్నది ఆయన వాదన. ఆ వాక్యం రాసిన ఆచార్యుడు తడయోషి సైకా అదేం కాదన్నారు. దాని ముందు నిలబడిన ప్రతి మనిషీ ఇచ్చే మాట అది అన్నారు.

తెలుగులో ఆ వెసులుబాటు లేదు. ‘జరగనివ్వం’ అన్నామంటే ఆ క్రియలోనే ‘మనం’ వచ్చి కూర్చుంటుంది. రాతి ముందు నిలబడి మనసులో ఆ మాట అనుకున్నాను. పోఖ్రాన్ మిఠాయి గుర్తొచ్చింది.

జపాన్‌ని అమాయకురాలని అనడానికీ లేదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసింది జపాన్ విమానాలే. జనం మూటాముల్లే సర్దుకుని పల్లెలకి పరుగెత్తారని మా పెద్దవాళ్లు చెప్పేవారు. హిరోషిమాలో చనిపోయినవాళ్లలో జపాన్ తన ఏలుబడిలో ఉన్న కొరియా నుంచి తెచ్చి పనిచేయించుకున్నవాళ్లూ వేలల్లో ఉన్నారు. వాళ్ల స్మారకాన్ని 1970లో వనం బయట కట్టారు. లోపలికి రావడానికి 1999 దాకా పట్టింది. ఇది కూడా అడిగి, పోరాడి సాధించుకున్నదే.

మొతొయాసు నది ఒడ్డున గాంధీగారి విగ్రహం కనిపించింది. 2023 మేలో మన ప్రధాని మోదీ ఆవిష్కరించింది. అంతకు ఎంతో ముందే, 1957 అక్టోబరులో నెహ్రూ ఈ ఊరొచ్చారు. ఈ ఊరికి మనం కొత్తవాళ్లం కాదు.

చేపల కొట్టులో మొదలైంది

ప్రదర్శనశాలలోకి వెళ్లాక ఎవరూ మాట్లాడరు. అడుగుల చప్పుడు తప్ప ఏమీ వినిపించదు. మూడేళ్ల షినిచి మూడు చక్రాల సైకిలు ముందు నేను ఆగిపోయాను. వాడికిష్టమైన ఆ సైకిలుతో సహా బిడ్డని పెరట్లో పాతిపెట్టాడు తండ్రి. నలభై ఏళ్ల తరవాత, 1985లో, తవ్వి తీసి ప్రదర్శనశాలకి ఇచ్చాడు. మనవరాల్ని ఆ గది దాటించి బయటికి తీసుకెళ్లమన్నాను అల్లుణ్ని.

‘తరవాత ఏం చేశారండీ?’ అన్న ప్రశ్నకి జవాబు ఆ తరవాతి గదుల్లో ఉంది. యుద్ధం ముగిశాక అమెరికా సైన్యం ఏలుబడిలో బాంబు గురించి రాయడానికి ఆంక్షలుండేవి. బతికి బయటపడినవాళ్లని ‘హిబాకుషా’ అంటారు. పెళ్లి సంబంధాలు తప్పిపోతాయనీ, ఉద్యోగం రాదనీ చాలామంది ఆ సంగతి దాచుకుని బతికారు. నోరు విప్పే వాతావరణం తెచ్చింది ఓ చేపల పడవ.

1954 మార్చి 1న అమెరికా బికినీ దీవుల దగ్గర హైడ్రోజన్ బాంబు పేల్చింది. 160 కిలోమీటర్ల దూరంలో ట్యూనా చేపలు పడుతున్న ‘ఐదో ఫుకుర్యు మారు’ పడవ మీద తెల్లటి బూడిద కురిసింది. అందులో ఉన్న 23 మందీ జబ్బుపడ్డారు. రేడియో ఆపరేటర్ ఐకిచి కుబోయామా ఆ సెప్టెంబరు 23న చనిపోయాడు. వాళ్లు తెచ్చిన చేపల్లో రేడియేషన్ ఉందని తేలడంతో దేశమంతా హడలిపోయింది. చేపలు కొనేవాళ్లు లేరు. టన్నులకొద్దీ పారబోశారు. కొల్లేరు, కైకలూరు, ఆకివీడు వైపు చేపలూ రొయ్యలూ పండించే కుటుంబాలకి వేరే చెప్పక్కర్లేదు... ఓ పుకారుకే ధర ఎలా పడిపోతుందో!

అప్పుడు కదిలింది నాయకులు కాదు. టోక్యోలోని సుగినామి అనే పేటలో ఆడవాళ్ల సమావేశం జరుగుతుంటే ఓ చేపల కొట్టు యజమాని భార్య లేచి, మా బతుకేం కావాలి, దీని గురించి ఏమన్నా చెయ్యాలి కదా అని అడిగింది. ఆ పేట ఇల్లాళ్లు చదువుకునే బృందమొకటి ఉండేది. వాళ్లు కాగితాలు పట్టుకుని ఇంటింటికీ బయల్దేరారు. హైడ్రోజన్ బాంబులు వద్దు అని సంతకం... అంతే. 1955 ఆగస్టు నాటికి జపాన్‌లో సంతకాలు 3 కోట్లు దాటాయి. అప్పటి జనాభా దాదాపు 9 కోట్లు! అంటే ప్రతి ముగ్గురిలో ఒకరు. ఆ నెలలోనే హిరోషిమాలో మొదటి ప్రపంచ సభ జరిగింది. దాచుకున్నవాళ్లు తొలిసారి వేదికెక్కి తమ కథ చెప్పారు. మరుసటి ఏడాది, 1956 ఆగస్టు 10న, నాగసాకిలో బాధితులంతా కలిసి ‘నిహోన్ హిదాన్‌క్యో’ అనే సంఘం పెట్టుకున్నారు. ఆ మరుసటి ఏడాదే వాళ్లకి ఉచిత వైద్యం ఇచ్చే చట్టం వచ్చింది.

అంతా సాఫీగా సాగిందనుకోకండి. సోవియట్ యూనియన్ పరీక్షల్ని ఖండించాలా వద్దా అని 1960ల్లో ఉద్యమం రెండుగా చీలిపోయింది. మన ఊళ్లలో సంఘాల సంగతి తెలిసిందేగా, అక్కడా అంతే. అయినా మామూలు మనుషులు పని ఆపలేదు. ఆ చేపల పడవ చివరికి టోక్యో చెత్తకుప్పలో కుళ్లిపోతుంటే, 1968లో ఓ యువకుడు పత్రికకి ఉత్తరం రాశాడు. పాఠకుల ఉత్తరాల శీర్షికలో వచ్చిన ఆ నాలుగు ముక్కలు చదివి జనం కదిలారు. ఇప్పుడా పడవ టోక్యోలో ఓ ప్రదర్శనశాల. ఉత్తరం రాస్తే ఏమవుతుందిలే అనుకునేవాళ్లు ఒకసారి చూడాల్సిందే.

1968 నుంచి ఇంకో అలవాటు కూడా ఉంది. ఏ దేశం అణుపరీక్ష చేసినా హిరోషిమా మేయర్ నిరసన లేఖ పంపిస్తాడు. అమెరికాకైనా, రష్యాకైనా, చైనాకైనా. 1998లో మనకీ, పాకిస్థాన్‌కీ కూడా వచ్చింది. మేం మిఠాయిలు తింటున్న ఆ రోజుల్లో ఇక్కడివాళ్లు మనకి ఉత్తరం రాశారన్నమాట!

అప్పు తెచ్చుకున్న జ్ఞాపకం

హిదాన్‌క్యోకి 2024లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. డిసెంబరు 10న ఓస్లోలో ప్రసంగించిన తెరుమి తనాకా వయసు 92. నాగసాకిలో బాంబు పడినప్పుడు ఆయనకి 13. కుటుంబంలో ఐదుగురిని పోగొట్టుకున్నారు. మరుసటి ఏడాది మార్చి లెక్కల్లో హిబాకుషాల సంఖ్య మొదటిసారి లక్షకి తగ్గి 99,130 అయింది. సగటు వయసు 86 దాటింది. ఇంకో పదేళ్లకి ‘నేను చూశాను’ అని చెప్పేవాళ్లు ఎందరుంటారు?

అందుకే నగరపాలక సంస్థ 2012లో ఓ పథకం పెట్టింది. బాంబుని చూడని మనుషులు ఓ బాధితుడి దగ్గర కూర్చుని, ఆ జీవితాన్ని నేర్చుకుని, ఆయన తరఫున చెబుతారు. ప్రదర్శనశాలలో అలాంటి ఓ ఉపన్యాసం ఇంగ్లిషులో విన్నాం. చెప్పినామె యుద్ధం తరవాత ఎప్పుడో పుట్టిన మనిషి. ఏడుపు లేదు, ఆవేశం లేదు. ఆ రోజు పొద్దున ఆ మనిషి ఏం తిన్నాడు, ఎటు నడిచాడు, ఎవర్ని వదిలి వెళ్లాల్సి వచ్చింది... అన్నీ వరసగా చెప్పింది. మన పల్లెల్లో పురాణం చెప్పే పంతులుగారు గుర్తొచ్చారు. ఆయనా చూసింది చెప్పరుగా, విన్నది చెబుతారు. అయినా నిజమే చెబుతున్నట్టుంటుంది.

జపాన్ ప్రభుత్వం మాత్రం ఈ ఉద్యమకారుల మాట పూర్తిగా వినలేదు. 2017లో ఐక్యరాజ్యసమితిలో ఆమోదం పొంది, 2021 జనవరిలో అమల్లోకి వచ్చిన అణ్వాయుధ నిషేధ ఒప్పందం మీద జపాన్ సంతకం చేయలేదు. అమెరికా అణు గొడుగు కింద ఉంది మరి. మనమూ చేయలేదు. చుట్టూ అణ్వాయుధాలున్న దేశాలుండగా మనం ఒక్కరమే ఎలా వదులుకుంటాం అన్న వాదన నాకూ తెలుసు, క్లాసులో అదే చెప్పాను కూడా. దానికి నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. కానీ ఆ మూడు చక్రాల సైకిలు చూశాక, మిఠాయి మాత్రం మళ్లీ తినలేను.

సాయంత్రం ‘ఒకొనొమియాకి’ తిన్నాం. పల్చటి పిండి అట్టు మీద క్యాబేజీ, నూడుల్స్, గుడ్డు పేర్చి పెనం మీద కాల్చే దిబ్బరొట్టె అనుకోండి. యుద్ధం తరవాత బియ్యం దొరక్క, అమెరికా గోధుమపిండితో కడుపు నింపుకున్న రోజుల్లో ఇది ఊళ్లో పాకిపోయిందట. మాంసం వద్దంటే మానేసి ఇస్తారు. ముందే చెప్పాలి సుమా!

ఇంటికి తిరిగొచ్చాక ఓ ఆదివారం పిల్లల్ని వెంటేసుకుని కొల్లేరు వెళ్లాం. ఆటపాక దగ్గర గూడబాతులూ, ఎర్రకాళ్ల కొంగలూ చెట్ల నిండా ఉన్నాయి. అక్కడే గట్టు మీద కూర్చోబెట్టి ఫోన్లో ఫొటోలు చూపించాను. మా దండలు కనిపించగానే ఒకటే గోల. ‘అవి ఎప్పటికీ అక్కడే ఉంటాయా మాస్టారూ?’ అని అడిగింది ఓ పిల్ల. ఉండవమ్మా, కొంతకాలం ఉంచి, తరవాత ఆ కాగితాన్ని కరిగించి మళ్లీ నోటుపుస్తకాలూ అవీ చేస్తారు అన్నాను.

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. ‘అయితే మనం మళ్లీ పంపాలి కదండీ’ అంది.

పాత క్యాలెండర్లు ఎవరింట్లో ఉన్నా పారేయకుండా ఉంచమని ఆ సాయంత్రమే వీధిలో చెప్పి వచ్చాను.